బంగారుపాము నుంచి సాక్షిబోను దాకా: లాల్జీ సింగ్ కృషికి విలువ కట్టడం ఎలా?

ఒక అణుజీవశాస్త్రవేత్త జీవితకాలపు కృషికి విలువ కట్టమంటే విశ్వవిద్యాలయాల్లోనూ నిధులిచ్చే సంస్థల్లోనూ ఇవాళ జరిగే పని దాదాపు ఒకటే. ఎన్ని పత్రాలు ప్రచురించారు, ఏ పత్రికల్లో వచ్చాయి, ఇతరులు వాటిని ఎన్నిసార్లు ఉటంకించారు అని చూస్తారు. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ఈ లెక్కనంతా ఒక్క అంకెలోకి దించింది. ఉటంకింపుల లెక్క అబద్ధం చెప్పదు. అయితే అది చెప్పే నిజం చాలా ఇరుకైనది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉటంకింపు పొందిన పత్రం 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసినది. ద్రావణంలో ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అందులో ఉంది, దాని ఉటంకింపులు 3 లక్షలు దాటాయి. డీఎన్‌ఏ జంటమెలిక నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రం మాత్రం 2014లో ‘నేచర్’ పత్రిక ప్రకటించిన మొదటి వంద పత్రాల జాబితాలో లేదు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావుది. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రాసిన భాస్వరం కొలత పద్ధతిని జీవరసాయన ప్రయోగశాలలు దశాబ్దాల పాటు వాడుకుని ఉటంకించాయి. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనల నుంచి వచ్చిన మందులు మింగి బతికినవాళ్లు మాత్రం ఏ పత్రాన్నీ ఉటంకించరు. అందుకని ప్రయోగశాల పని ఎవరి చేతుల్లోకి వెళ్లింది, ఏ వ్యవస్థలో భాగమైంది, దాన్ని మొదలుపెట్టినవారు తప్పుకున్నాక కూడా సాగిందా అన్నవి అసలైన కొలతలని నా వాదన. దీన్ని పరీక్షించడానికి హైదరాబాద్‌ను కార్యక్షేత్రం చేసుకున్న లాల్జీ సింగ్ జీవితం కంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టం. ఆయన సిద్ధాంతాల్లో ప్రధానమైనది నిలవలేదు. ఆయన పేరు మోసిన పద్ధతి పదేళ్లలో పాతబడింది. పత్రికలకు ఆయన చెప్పిన ఒక పెద్ద మాట తర్వాతి సాక్ష్యం ముందు తేలిపోయింది. ఇన్ని జరిగినా ఆయన ప్రభావం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో సాక్ష్యంతో చూడాలి.

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారి గ్రామంలో 1947 జులై 5న లాల్జీ సింగ్ పుట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఎస్.పి. రాయ్‌చౌధురి దగ్గర పాముల క్రోమోజోముల పరిణామం మీద పరిశోధన చేసి 1971లో డాక్టరేట్ అందుకున్నారు. పాములే ఎందుకంటే దానికి గట్టి కారణం ఉంది. మనలో మగవారికి ఎక్స్, వై అనే భిన్నమైన జంట ఉంటే, పాముల్లో ఆ భిన్నత్వం ఆడదానికి ఉంటుంది. ఆ జంటను జెడ్, డబ్ల్యూ అంటారు. కొండచిలువ వంటి పాత కుటుంబాల్లో ఆ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కట్లపాములు, రక్తపింజరల దగ్గరికి వచ్చేసరికి డబ్ల్యూ బాగా వేరైపోతుంది. అంటే లింగ క్రోమోజోములు ఎలా పుట్టి ఎలా విడిపోయాయో దశలవారీగా చూపించే జీవులివి. సుసుము ఓనో 1967లో ముందుకు తెచ్చిన ఆలోచనకు ఈ పని ప్రత్యక్ష సాక్ష్యంగా పనికొచ్చింది. బనారస్‌లో సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములను లెక్కపెట్టిన ఈ యువకుడు 1974లో ఎడిన్‌బరో వెళ్లి కెన్ జోన్స్ ప్రయోగశాలలో చేరారు. డీఎన్‌ఏ ముక్కలు క్రోమోజోము మీద ఎక్కడున్నాయో అక్కడే పట్టి చూపించే పద్ధతిని రూపొందించినవారిలో జోన్స్ ఒకరు. ఆకారాన్ని చదివే శాస్త్రం, అక్షరాలను చదివే శాస్త్రం అక్కడ ఒకే బల్ల మీద కలిశాయి.

ఎడిన్‌బరోలో ఆయన ఎంచుకున్న పాము పేరు వెనక తెలుగు ఉంది. దాని శాస్త్రనామం బంగారస్ ఫాసియేటస్. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రసెల్ ఇక్కడి జనం ‘బంగారు పాము’ అనడం విని 1796లో తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మాటే తర్వాత లాటిన్ రూపం తొడుక్కుని మొత్తం ప్రజాతికి పేరైంది. ఈ పాము డీఎన్‌ఏలో ప్రధాన భాగం నుంచి వేరుపడే ఒక చిన్న భాగాన్ని సింగ్, జోన్స్ విడదీశారు. అది ఆడపాము డబ్ల్యూ క్రోమోజోము మీద గుట్టగా పోగుపడి ఉందని 1980లో ప్రకటించారు. దానికి బీకేఎం అని పేరు. విప్పి చదివితే అందులో గాటా అనే నాలుగక్షరాల మాట, దానితో పాటు గాకా అనే మాట మళ్లీమళ్లీ వస్తాయి. ఆశ్చర్యమేమంటే పాముకు ఎంతో దూరపు చుట్టమైన ఎలుకలో కూడా ఈ వరస కనిపించింది, అదీ మగ ఎలుక వై క్రోమోజోములో లింగాన్ని నిర్ణయించే ప్రాంతం దగ్గర పోగుపడి. ఆడ క్రోమోజోములు ఉండీ మగవిగా పెరిగే ఎలుకల చిక్కుముడిని ఈ వరస సాయంతో విప్పిన పత్రం 1982లో ‘సెల్’ పత్రికలో వచ్చింది. ఎక్స్, వై క్రోమోజోముల మధ్య ఒక ముక్క తప్పుగా దాటడమే ఆ మార్పుకు కారణమని సింగ్, జోన్స్ చూపించారు. ఇక్కడి నుంచి ఒక పెద్ద ఆశ మొలిచింది. పాము నుంచి క్షీరదం దాకా లింగ నిర్ణయం వెనక ఈ గాటా వరసే ఉందేమోనన్నది ఆ ఆశ.

ఆ ఆశ నిలవలేదు. మనిషి వై క్రోమోజోములో ఈ వరస అలా గుట్టగా లేదని 1980ల నడుమ తేలింది. 1990లో లండన్ పరిశోధకులు ఎస్ఆర్‌వై అనే జన్యువును పట్టుకున్నాక క్షీరదాల్లో మగతనపు మొదటి మీట ఎక్కడుందో స్పష్టమైంది. అది గాటా వరసలో లేదు. లాల్జీ సింగ్ కృషిని తక్కువ చేసేవారు మొదట ఎత్తే అభ్యంతరం ఇదే: పదేళ్లకు పైగా పట్టుకున్న సిద్ధాంతం తప్పయితే ఇక శాస్త్రానికి మిగిలిందేమిటి? ఈ అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. అయితే అది ఒక తేడాను గమనించదు. ఒక పరిశీలన ఉంటుంది, దానికి మనం ఇచ్చే అర్థం వేరుగా ఉంటుంది. డబ్ల్యూ మీద ఆ వరస పోగుపడి ఉండటం పరిశీలన. ఎలుకల్లో క్రోమోజోము ముక్క దాటడం కూడా పరిశీలనే. ఈ రెండూ నిలిచాయి. లింగ నిర్ణయానికి అదే కారణమన్నది అర్థం చెప్పుకోవడం, అదొక్కటే కూలింది. పైగా ఆ తప్పుదారిలో నడుస్తుండగానే సింగ్ ఇంకొకటి గమనించారు. ఈ వరస మనిషి జన్యురాశిలో ఎన్నోచోట్ల చెదురుమదురుగా ఉంది, ఒక్కోచోట ఎన్నిసార్లు పునరావృతమవుతుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. లింగ నిర్ణయానికి పనికిరాని ఆ గుణమే మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చింది.

1987లో ఆయన హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి వచ్చారు. పుష్పమిత్ర భార్గవ 1977లో పునాది వేసిన ఆ సంస్థ తన సొంత భవనాన్ని జాతికి అంకితం చేసుకున్నది కూడా ఆ ఏడాదే. అప్పటికి డీఎన్‌ఏ వేలిముద్ర ప్రపంచానికి కొత్త కాదు. 1984 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ ఆ సూత్రాన్ని కనిపెట్టాడు, 1985లో ప్రకటించాడు. 1988లో ఒక హంతకుడికి ఆ సాక్ష్యంతో శిక్ష పడింది, అంతకుముందే అదే సాక్ష్యంతో ఒక నిరపరాధి బయటపడ్డాడు. అందుకని రెండో అభ్యంతరం సూటిగానే వస్తుంది: మొదట కనిపెట్టినవాడు జెఫ్రీస్, సింగ్ చేసింది అనుసరణ, దాన్ని ఘనంగా ఎందుకు చెప్పుకోవాలి? మొదటివాడెవరన్నది చరిత్రకారుల ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు జెఫ్రీసే, అందులో వాదనకు తావు లేదు. కానీ ప్రభావం గురించి అడిగే ప్రశ్న వేరు. జెఫ్రీస్ వాడిన గుర్తింపు ముక్కలు 1987 నాటికే బ్రిటన్‌లో ఐసీఐ సంస్థ ఏర్పాటుచేసిన సెల్‌మార్క్ అనే వాణిజ్య సంస్థ చేతిలో ఉన్నాయి. ప్రతి నమూనాకూ విదేశీ సంస్థ మీద ఆధారపడితే తాలూకా కోర్టులో పేదవాడి కేసుకు ఆ పరీక్ష అందేది కాదు. బంగారుపాము నుంచి వచ్చిన బీకేఎం ముక్కతో సింగ్ బృందం ఎవరి అనుమతీ అవసరం లేని పరీక్షను హైదరాబాద్‌లోనే నిలబెట్టింది. ఒక దేశం చేతికి వచ్చిన ఇలాంటి స్వతంత్ర సామర్థ్యాన్ని ‘అనుసరణ’ అన్న మాటలో ఇరికించలేం.

పరీక్ష పెట్టడం సగం పని. దాన్ని కోర్టు నమ్మేలా చేయడం మిగతా సగం, ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేదీ అదే. 1980ల చివర కేరళలోని తలశ్శేరి కోర్టు ముందుకు ఒక పితృత్వ వివాదం వచ్చింది. బిడ్డకు తండ్రి ఎవరన్న ప్రశ్నకు సీసీఎంబీ నుంచి వచ్చిన డీఎన్‌ఏ ఫలితాన్ని సాక్ష్య చట్టం 45వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయంగా కోర్టు తీసుకుంది. సింగ్ స్వయంగా సాక్ష్యం చెప్పారు. అప్పట్లో ఈ పరీక్షంటే ఇవాళ్టిలా యంత్రంలో నమూనా పెట్టి అంకెలు చదువుకోవడం కాదు. రక్తం నుంచి డీఎన్‌ఏను వేరుచేయాలి, ఎంజైముతో తుంచాలి, జెల్‌లో విద్యుత్తు పెట్టి ముక్కలను పొడుగు ప్రకారం పరిచి పొర మీదికి దించాలి. రేడియోధార్మికత గుర్తు తగిలించిన బీకేఎం ముక్కను దాని మీద అంటించి, ఎక్స్‌రే ఫిల్ముపై గీతలు పడేదాకా రోజుల తరబడి ఎదురుచూడాలి. ఆ గీతల అర్థాన్ని జీవశాస్త్రం చదవని న్యాయమూర్తికి, తప్పు పట్టడానికే నిలబడిన న్యాయవాదికి బోనులో నిలబడి చెప్పాలి. ఆ తర్వాత కేసులు వరసకట్టాయి. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపిన మానవబాంబు శరీర భాగాలను, 1995లో ఢిల్లీలో తందూరులో కాల్చేసిన మహిళ దేహాన్ని గుర్తించడంలో, అదే ఏడాది ఆగస్టులో పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్ హత్య కేసులో హైదరాబాద్ ప్రయోగశాల సాక్ష్యం పనికొచ్చింది. 1996లో ఢిల్లీలో ఒక న్యాయవిద్యార్థినిపై అత్యాచారం చేసి చంపిన కేసులో విచారణ కోర్టు డీఎన్‌ఏ సాక్ష్యాన్ని పక్కన పెట్టి 1999లో నిందితుడిని విడిచిపెట్టింది. 2006లో హైకోర్టు ఆ సాక్ష్యాన్ని అంగీకరించి శిక్ష వేసింది. ఒకే పరీక్ష, అవే ఫలితాలు, మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో మారింది న్యాయవ్యవస్థకు ఆ శాస్త్రంతో ఉన్న పరిచయం. ఆ పరిచయాన్ని ఏ ఉటంకింపుల పట్టికా లెక్కపెట్టలేదు.

ఇక్కడ శాస్త్రం తనంతట తాను పరిశుద్ధమన్న భ్రమ ఉండకూడదు. 1989లో న్యూయార్క్‌లో ఒక హత్య కేసులో డీఎన్‌ఏ సాక్ష్యం తయారైన తీరును నిపుణులు చీల్చి చెండాడారు. ఏ గీత ఏ గీతతో కలిసిందని ఎలా నిర్ణయించారు, జనాభాలో అలాంటి గీతలు ఎంత అరుదో ఏ లెక్కన చెప్పారని నిలదీశారు. ఆ తర్వాత అమెరికా జాతీయ పరిశోధన మండలి 1992లో, 1996లో రెండు నివేదికలు ఇచ్చి ప్రమాణాలు గట్టిపరచాల్సి వచ్చింది. మన కోర్టుల్లో అంత గట్టి పరీక్ష జరగలేదు. మన న్యాయవాదులు గీతల లెక్కల్లోకి దిగి ప్రశ్నించడం అరుదు. ఒక్క నిపుణుడి మాట బరువు మీద ఒక వ్యవస్థ ఆధారపడటం ప్రమాదమే. దానికి ఉన్న ఏకైక విరుగుడు పరీక్షను వ్యక్తి చేతిలోంచి సంస్థ చేతికి మార్చడం. సింగ్ ఆ పని చేశారు. జీవసాంకేతిక శాఖ ఆధ్వర్యంలో 1996లో హైదరాబాద్‌లో ఏర్పడిన డీఎన్‌ఏ వేలిముద్రల, వ్యాధి నిర్ధారణల కేంద్రం సీడీఎఫ్‌డీ తొలి బాధ్యతలు ఆయనవే. డీఎన్‌ఏ వేలిముద్రలతో పాటు వంశపారంపర్య వ్యాధుల నిర్ధారణ కూడా ఆ సంస్థ పనిలో భాగమైంది. 2012లో ఢిల్లీ హైకోర్టు బయటపెట్టిన రాజకీయ నాయకుడు ఎన్.డి. తివారీ పితృత్వ పరీక్ష ఫలితం అక్కడి నుంచే వెళ్లింది. అప్పటికి సింగ్ ఆ సంస్థ వదిలి చాలా కాలమైంది, బనారస్‌లో తాను చదువుకున్న విశ్వవిద్యాలయానికే ఉపకులపతిగా ఉన్నారు. మనిషి లేకపోయినా నడిచే పనికే వ్యవస్థ అని పేరు.

మూడో అభ్యంతరం సాంకేతికమైనది. బీకేఎం పద్ధతికి ఆయుష్షు తక్కువ. డీఎన్‌ఏను కోట్ల ప్రతులుగా పెంచే పీసీఆర్ వచ్చాక గీతల ఫిల్ములు మూలనపడ్డాయి. రక్తపు మరక ఎంత చిన్నదైనా, కుళ్లిన ఎముకైనా సరే పొట్టి పునరావృతాలను లెక్కపెట్టే కొత్త పద్ధతి పనిచేసింది. 1990ల చివరికి అమెరికా 13 స్థానాలతో జాతీయ సమాచార భాండాగారం కట్టుకుంది, 2017లో వాటిని 20కి పెంచింది. ఇవాళ మన ప్రయోగశాలలూ అదే రకం పద్ధతి వాడుతున్నాయి. అయితే పాతబడిందేమిటి, మిగిలిందేమిటి అని విడదీసి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. కొత్త పద్ధతి లెక్కపెట్టే పునరావృతాలు ఎక్కువగా నాలుగేసి అక్షరాలవి. ఆ 13 స్థానాల్లో ఏడో క్రోమోజోము మీదిదీ పదహారో క్రోమోజోము మీదిదీ మళ్లీమళ్లీ పలికే మాట గాటా. పాము డబ్ల్యూ క్రోమోజోములో ఎడిన్‌బరో బల్ల మీద దొరికిన అదే మాట. కొత్త పద్ధతిని సింగ్ కనిపెట్టారని దీని అర్థం కాదు, ఆ గౌరవం వేరేవారిది. ఈ రకం వరసల్లోనే మనిషి గుర్తింపు దాగి ఉందని ముందే పట్టినవారిలో ఆయన ఒకరు. ఆ పట్టు సరైనదని తర్వాతి ఇరవై ఏళ్లు నిరూపించాయి.

వన్యప్రాణుల విషయంలో ఆయన చేసింది త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే దాని విలువ గురించి పెద్దగా వివాదం లేదు. వేటగాడి దగ్గర దొరికిన మాంసం ముక్క ఏ జంతువుదో చెప్పలేకపోతే కేసు నిలవదు. మైటోకాండ్రియాలోని ఒక జన్యువు ఆధారంగా ఎంతో భిన్నమైన జంతువులన్నిటికీ ఒకే పరీక్ష పనికొచ్చేలా సింగ్, ఆయన సహచరుడు 2003లో ఒక పద్ధతి ప్రకటించారు. హైదరాబాద్‌లోని అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జాతుల కోసం లాకోన్స్ ప్రయోగశాలను ఆయన పట్టుబట్టి కట్టించారు. అక్కడ కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్ల 2006లో పుట్టింది. 2007 ఫిబ్రవరిలో అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేశారు.

జనాభా జన్యుశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి విషయం మళ్లీ చిక్కగా ఉంటుంది. ఉటంకింపుల పట్టికలో సింగ్ పేరు పైకి వచ్చేది ఇక్కడే. కుమారస్వామి తంగరాజ్‌తో కలిసి అండమాన్ ఆదివాసుల తల్లివైపు వంశావళిని వెదికిన పత్రం 2005లో ‘సైన్స్’లో వచ్చింది. ఒంగే, గ్రేట్ అండమానీయుల పూర్వీకులు ఎంతో ప్రాచీన కాలంలోనే మిగతావారి నుంచి విడిపోయారని అది చూపింది. 2009లో హార్వర్డ్ బృందంతో కలిసి ‘నేచర్’లో ప్రకటించిన పత్రం భారతదేశపు 25 సమూహాల నుంచి 132 మందిని తీసుకుని, ఒక్కొక్కరిలో 5 లక్షల 60 వేలకు పైగా స్థానాలను చదివింది. ఇవాళ్టి భారతీయుల్లో అత్యధికులు ఉత్తరాది, దక్షిణాది అని పేరు పెట్టిన రెండు ప్రాచీన వంశధారల మిశ్రమమని తేల్చింది. 2013లో అదే బృందం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం మధ్య జరిగిందని, ఆ తర్వాత కులాంతర వివాహాలు దాదాపు ఆగిపోయాయని లెక్కగట్టింది. చరిత్రకు సంబంధించిన మాటగా దీన్ని అందరూ చర్చించారు. నాకు మాత్రం అందులోని వైద్యం ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. ఒక సమూహం కొద్దిమంది పూర్వీకులతో మొదలై శతాబ్దాల తరబడి తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటే, ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న లోపం వేలమందికి చేరుతుంది. తెలుగు ప్రాంతాల వైశ్య సమూహంలో అలాంటి ఆరంభం వందకు పైగా తరాల క్రితం జరిగిందని 2009 పత్రమే చెప్పింది. బ్యూటిరిల్ కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం ఈ సమూహంలో ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలించడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం నిమిషాల్లో వదలాల్సిన మందు గంటల తరబడి వదలదు, తమంతట తాము ఊపిరి పీల్చుకోలేరు. మత్తు వైద్యుడికి ముందే తెలిస్తే వేరే మందు వాడతాడు. సింగ్ మరణించిన ఏడాది, 2017లో వచ్చిన పత్రం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించి, 81 సమూహాల్లో ఈ రకం ఆరంభ ప్రభావం ఫిన్లండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కనిపించేదానికన్నా బలంగా ఉందని తేల్చింది. 2009లోనే వచ్చిన మరో పత్రం గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన రూపం ఉపఖండ ప్రజల్లో సుమారు నూటికి నలుగురిలో ఉందని, నడివయసు దాటాక గుండె వైఫల్యానికి అది దారితీయవచ్చని చూపింది. ఇవి ఆరోగ్య కార్డుల్లోకి, పరీక్షల్లోకి, ఆసుపత్రి ప్రశ్నావళుల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు. నా కొలత ప్రకారం చూస్తే ఇంత ఉటంకింపు పొందిన ఈ భాగం ప్రభావం కోర్టుల్లో సాధించినదాని కంటే ఇంకా తక్కువే.

ఈ పత్రాల మీద ఒక అభ్యంతరం సహజం. ఇవన్నీ బృందాలు చేసినవి. రచయితల జాబితాల్లో ఎందరో ఉన్నారు. నమూనాలు సేకరించిన తంగరాజ్ కృషి, గణాంక పద్ధతులు రూపొందించిన డేవిడ్ రైక్, నిక్ ప్యాటర్సన్‌ల కృషి లేకుండా అవి లేవు. అలాంటప్పుడు ప్రభావాన్ని ఒక్కరి ఖాతాలో ఎలా వేస్తారు? వేయకూడదు, నిజమే. అయితే ఆ నమూనాలు హైదరాబాద్‌లో ఎందుకు ఉన్నాయని అడగాలి. వందలాది సమూహాల రక్తపు నమూనాలను నియమబద్ధంగా ఏళ్ల తరబడి సేకరించి దాచే అలవాటు, దానికి కావాల్సిన డబ్బు, నమూనాలు ఇచ్చేవారి నమ్మకం, యువ పరిశోధకులకు స్వేచ్ఛ, ఇవన్నీ 1998 నుంచి 2009 వరకూ సీసీఎంబీకి సంచాలకుడిగా ఆయన నిలబెట్టినవి. పత్రంలో చివరి పేరుగా కనబడేవాడు చాలాసార్లు అంత పెద్ద పని చేసి ఉండడు. ఈ సందర్భంలో చేశారు. బృందపు ఘనతను పంచుతూనే నాయకుడి వాటాను గుర్తించడం కష్టం కాదు, కాకపోతే దానికి అంకెలు చాలవు.

గట్టి విమర్శ ఒకటి మిగిలింది, దాన్ని మెత్తబరచడం ఆయనకు న్యాయం చేసినట్టు కాదు. 2009 పత్రం తర్వాత, 2011లో మరో పత్రం తర్వాత ఆర్య, ద్రావిడ విభజన సిద్ధాంతానికి జన్యుశాస్త్రంలో ఆధారం లేదన్నట్టు సింగ్ పత్రికలతో మాట్లాడారు. పత్రాల్లో ఉన్న జాగ్రత్త ఆ మాటల్లో లేదు. 2019లో 523 మంది ప్రాచీన మానవుల డీఎన్‌ఏ ఆధారంగా ‘సైన్స్’లో వచ్చిన పత్రం మధ్య ఆసియా గడ్డిమైదానాల వంశధార క్రీ.పూ. 2000, 1500 మధ్య ఉపఖండంలోకి వచ్చిందని చూపింది. ఉత్తరాది, దక్షిణాది అని 2009లో పిలిచిన రెండు ధారలు కూడా అంతకుముందు జరిగిన కలయికల ఫలితాలేనని తేలింది. ఆ పత్రం రచయితల్లో తంగరాజ్ కూడా ఉన్నారు. అంటే హైదరాబాద్ ప్రయోగశాలే తన పాత మాటను తానే సరిదిద్దుకుంది. శాస్త్రవేత్త పత్రంలో రాసింది ఒక కొలతకు నిలబడితే, పత్రికలకు చెప్పింది ఇంకో కొలతకు నిలబడాలి. ఆ రెండో చోట సింగ్ తొందరపడ్డారు, ఆ తొందరను రాజకీయాలు వాడుకున్నాయి. ఆయన జీవితానికి రాసే లెక్కలో ఇది అప్పు కిందికే వస్తుంది. అయితే ఆ తప్పును సరిదిద్దిన శాస్త్రం కూడా ఆయన పెంచిన సంస్థలోనే బతికి ఉండటం ఆ లెక్కలో జమ.

ఇక ఆయన మొదలుపెట్టినదాంట్లో ఇంకా తేలనిది ఒకటి ఉంది, అది ప్రయోగశాల బయట ఉంది. వివాహబంధంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని సాక్ష్య చట్టం 112వ సెక్షన్ గట్టిగా భావించేది, కొత్త సాక్ష్య చట్టంలో ఆ మాట 116వ సెక్షన్‌లో ఉంది. ఆ భావన బిడ్డను వీధిన పడకుండా కాచేందుకు పెట్టింది. డీఎన్‌ఏ పరీక్ష దాన్ని ఒక్క కాగితంతో పగలగొట్టగలదు. అందుకే సుప్రీంకోర్టు 1993లో రక్తపరీక్షలను మామూలుగా ఆదేశించవద్దని చెప్పింది. 2014లో నిజమైన పరీక్షా ఫలితం చట్టపు భావన కంటే మిన్న అంది. 2023లో మళ్లీ పిల్లల డీఎన్‌ఏ పరీక్షకు దంపతుల తగాదా ఒక్కటే కారణం కారాదంది. ఈ ఊగిసలాటను తప్పుపట్టలేం. శాస్త్రం నిజాన్ని చెబుతుంది, ఆ నిజం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించాల్సింది సమాజం. నేరస్థుల డీఎన్‌ఏ భాండాగారం సంగతి ఇంకా పెద్దది. 2005లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి అత్యాచార కేసుల్లో డీఎన్‌ఏ పరీక్షకు చోటిచ్చారు. 2022లో వచ్చిన గుర్తింపు చట్టం జీవ నమూనాలు సేకరించే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఆ నమూనాలను ఎవరు దాస్తారు, ఎంతకాలం, నిర్దోషిగా తేలినవాడి నమూనా ఎప్పుడు చెరిపేస్తారు, ఏ ప్రయోగశాలకు ఏ ప్రమాణం ఉండాలి అన్న వాటికి విడిగా చట్టం కావాలని హైదరాబాద్ శాస్త్రవేత్తలు, జీవసాంకేతిక శాఖ ఏళ్ల తరబడి ముసాయిదాలు రాశారు. ఆ డీఎన్‌ఏ సాంకేతికత నియంత్రణ బిల్లు 2019లో లోక్‌సభ ముందుకు వచ్చింది. లాల్జీ సింగ్ 2017 డిసెంబర్ 10న మరణించారు, ఆ బిల్లును ప్రవేశపెట్టడం ఆయన చూడలేదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది.